బంద్ రోజుల్లో మాత్రమే పోయే వైఫై

మా అమ్మాయి ఉద్యోగాన్ని, పై ఇంటి విజయ వదినతో ఆరేళ్ల స్నేహాన్ని నేను ఒక్క వేలితో ముంచబోయిన కథ ఇది. కుడిచేతి చూపుడు వేలు. ఆ వేలు ఇప్పటికీ నా చేతికే ఉంది, దానికి ఏ శిక్షా పడలేదు. శిక్షంతా నాకే పడింది. మా ఇంటికి ఏ చుట్టం వచ్చినా, మంచినీళ్ల గ్లాసు చేతికిచ్చిన మరుక్షణం మా ఆయన మొదలుపెట్టేది ఈ కథే. ఆయన చెప్తే సగం అబద్ధాలు కలుపుతాడు. అందుకని నేనే చెప్తున్నాను. కలిపితే నా అబద్ధాలే కలవాలి గానీ ఆయనవెందుకు?

అవి తెలంగాణ ఉద్యమం జోరు మీదున్న రోజులు. ఎల్బీనగర్ చౌరస్తాలో వేసిన దీక్షా శిబిరం టెంటు ఎండకు వెలిసిపోతే, దాన్ని విప్పి కొత్తది వేశారు. అన్నాళ్లు నడిచింది. పొద్దున లేవగానే టీవీ పెట్టి, ఇవాళ బంద్ ఉందా లేదా చూసుకుని, ఆ తర్వాతే పాలు పొయ్యి మీద పెట్టేవాళ్లం. మా ఆయనకు ఆటోనగర్‌లో లారీ స్ప్రింగు పట్టీల దుకాణం. బంద్ అంటే దుకాణానికి తాళం వేసి, కండువా వేసుకుని శిబిరంలో కూర్చునేవాడు. సాయంత్రం గొంతు బొంగురుపోయి వచ్చేవాడు. ఆ రోజుల్లో మా ఇంట్లో నాకు దొరికిన శాంతి అదొక్కటే.

మాది నల్లగొండ దగ్గర పల్లె. చౌరస్తా వెనక కాలనీలో రెండంతస్తుల ఇల్లు కట్టుకుని కింద మేముండి, పైన కిరాయికిచ్చాం. పైన ఉన్నది ఏలూరు వాళ్లు. ప్రసాద్ గారికి ఆఫీసు ఉద్యోగం, విజయ వదిన ఇంట్లోనే. ఉద్యమంలో వాళ్లు అటు, మేము ఇటు. అయినా మా ఇద్దరి నడుమ ఆ మాట ఎప్పుడూ రాలేదు. చౌరస్తాలో వంటావార్పు పెట్టినప్పుడు మాకు పెద్ద గిన్నె చాలకపోతే, విజయ వదిన తన పెళ్లిలో పెట్టిన గుండిగ దించి ఇచ్చింది. "అన్నం ఉడకడానికి రాష్ట్రమేంటి వదినా, పట్టుకెళ్లండి" అంది. ఆ రోజు రోడ్డు మీద నాలుగు వందల మంది తిన్న తెలంగాణ కిచిడీ ఏలూరు గుండిగలో ఉడికింది. ఈ సంగతి మా ఆయన శిబిరంలో ఎవరికీ చెప్పలేదు.

గుండిగను గుర్తుంచుకోండి. మళ్లీ వస్తుంది.

మా అమ్మాయి సరిత ఇంజనీరింగ్ అయిపోయి, దిల్‌సుఖ్‌నగర్‌లో కోచింగ్‌కు పోతుండేది. ఆదివారాలతో సహా రోజూ పొద్దున ఎనిమిదికి పోతే మళ్లీ వచ్చేది సాయంత్రం ఆరింటికి. ఉద్యోగాల దరఖాస్తులన్నీ కంప్యూటర్‌లోనే పంపాలట. మాకు ఇంటర్‌నెట్ లేదు. ప్రసాద్ గారు, "మా వైఫై వాడుకో అమ్మా, దానిదేముంది" అని పాస్‌వర్డ్ ఇచ్చారు. కానీ ఆ వైఫై మా శ్లాబు దిగితే ఒట్టు. మేస్త్రీ దగ్గర నిలబడి ఇనుము దండిగా వేయించి కట్టించుకున్న శ్లాబు అది. వాన నీళ్లు దిగేవి గానీ వైఫై దిగేది కాదు.

ఇక్కడ నా గురించి ఒక ముక్క చెప్పాలి. మా పుట్టింట్లో ఉన్నది ఒకటే బల్బు. అవసరం తీరాక అది ఒక్క క్షణం ఎక్కువ వెలిగితే మా నాయన ఊరంతా వినబడేటట్టు అరిచేవాడు. ఆ పెంపకం వల్ల స్విచ్ బోర్డు కనిపిస్తే నా చెయ్యి ఆగదు. మనిషి కుర్చీలోంచి సగం లేచేసరికే ఫ్యాను ఆపేస్తాను. మా ఆయన స్నానాల గదిలో తలకు సబ్బు పెట్టుకుని ఉండగా లైటు ఆపిన సందర్భాలూ ఉన్నాయి. ఆయన లోపలి నుంచి తెలంగాణ కోసం అరిచినదానికంటే గట్టిగా అరిచేవాడు.

ఒకసారి మా తమ్ముడి కొడుక్కి పుట్టువెంట్రుకలంటే సరితనూ తీసుకుని నాలుగు రోజులు ఊరికి పోయాను. తిరిగొచ్చేసరికి హాల్లో సోఫా వెనక, దోమల మిషన్ పెట్టే ప్లగ్గులో పాత మిషన్ లేదు. బాటిల్ అయిపోయి అది ఎన్నాళ్లుగానో ఊరికే వేలాడుతోంది. దాని చోట కొత్తది ఉంది. తెల్లగా, సబ్బుపెట్టెంత, ముందు చిన్న చిన్న లైట్లు మిణుకుమిణుకుమంటూ ముద్దుగా ఉంది.

మా ఆయన టీవీలో చర్చ చూస్తున్నాడు. నలుగురు ఒకేసారి అరుస్తున్నారు, ఆయన ఐదోవాడు.

"గీ మిషన్ కొత్తదా?" అన్నాను.

"ఆఁ. ప్రసాద్ సారు తెచ్చి పెట్టిండు."

"అయ్యో, గాయిన ఎందుకు తెచ్చిండు! దీనికి బాటిల్ ఏది?"

"ఏం బాటిల్ వద్దు దానికి. ప్లగ్గుల పెడ్తె సాలన్నడు. ఇల్లంత అందుతదట. నువ్వు జర్ర పక్కకు జరుగు, టీవీ కనవడ్తలేదు."

నేను పక్కకు జరిగాను. మా ఇంటి దోమల గురించి ఆలోచించిన పుణ్యాత్ముడు ప్రసాద్ గారు అనుకున్నాను. ఆ సాయంత్రమే సరిత ఫోను పట్టుకుని గంతులేస్తూ వచ్చింది. "అమ్మా, కింద గూడ వైఫై వస్తున్నది! ఫుల్లు!"

"ప్రసాద్ సారే మంచిగ చేసిండు బిడ్డా" అన్నాడు మా ఆయన, టీవీ మీదనుంచి చూపు తిప్పకుండానే. పైన ఏదో తిప్పి జోరు పెంచి ఉంటారని నేనూ సరితా అనుకున్నాం. ఒక్క చేత్తో అటు దోమలకు, ఇటు చదువుకు సాయం చేసిన మనిషి!

కొత్త మిషన్ నాకు తెగ నచ్చింది. వాసన లేదు, పొగ లేదు, బాటిల్ ఖర్చు లేదు. చీకటి పడే వేళకు, ఆరింటికి వేసేదాన్ని. పొద్దున లేవగానే ఆపేసేదాన్ని. పగలు దోమలుండవు కదా, కరెంటు దండగ. మొదటి రోజే దోమలు సగం తగ్గాయి. రెండోరోజుకు అసలు లేవు. ఎదురింటి బాలమణి వస్తే సోఫా జరిపి మరీ చూపించాను.

"ఎక్కడ దొరుకుతదక్కా గిది?"

"మీద రాసున్నది, ఫోటో తీస్కో. మీ ఆయనను కోఠికి పంపు."

బాలమణి వంగి మూడు వైపుల నుంచి ఫోటో తీసుకుంది. మా ఆయన మాత్రం అప్పుడప్పుడు మోచేయి గోక్కునేవాడు. "గది దోమ గాదు, చెమట పొక్కు" అని నేనే నిర్ణయించాను.

మీరు అప్పుడే నవ్వకండి. కథలో ఇంకా బంద్ రాలేదు.

వచ్చింది. బస్సులు లేవు, కోచింగ్ మూసేశారు, సరిత ఇంట్లోనే ఉంది. పొద్దున తొమ్మిదింటికి తన ల్యాప్‌టాప్ కంప్యూటర్ ముందు కూర్చుని, "అమ్మా, నెట్ వస్తలేదు" అంది.

"బంద్ గదా బిడ్డా. గది గూడ బందే ఉంటది."

దాన్ని నేను చాలా సహజంగా తీసుకున్నాను. పాలవాడు రాలేదు, పేపరు రాలేదు, నెట్ ఎందుకు రావాలి? సాయంత్రం ఆరు దాటాక బంద్ అయిపోయింది, దుకాణాలు తెరిచారు, నెట్టూ వచ్చింది. నా మాటే నిజమైనట్టు లేదూ?

రెండో బంద్‌కూ అదే వరస. పొద్దున పోయింది, సాయంత్రం వచ్చింది. మామూలు రోజుల్లో సరిత ఇంటికొచ్చేసరికి నెట్ సుబ్బరంగా ఉండేది. బంద్ రోజైతే పోయేది. నాకు మాత్రం ఆ రెండోసారి చిన్న అనుమానం వచ్చింది. ఎందుకంటే, పైన విజయ వదిన ఇంట్లో కంప్యూటర్‌లోంచి పాత పాటలు వినిపిస్తున్నాయి. సరిత ఫోను పట్టుకుని మెట్లెక్కి చూసింది. పదకొండో మెట్టు మీద నిలబడితే వైఫై వస్తోంది, కింద హాల్లో లేదు.

"అంటె పైన బంద్ లేదు, మనకే బంద్" అన్నాను.

ముందుగా నెట్ కేబుల్ వేసే కృష్ణయ్యను పిలిచాను. నెత్తి సగం నెరిసిన పెద్దమనిషి. బంద్ కాబట్టి పగలు రాలేనన్నాడు, ఏడింటికి వచ్చాడు. వచ్చి చూస్తే నెట్ ఉంది. ఇల్లంతా ఫోను పట్టుకుని తిరిగాడు, స్నానాల గదిలోకి కూడా పోయాడు. అక్కడా ఉంది.

"అక్కా, ఏం రోగం లేనోన్ని దవాఖానకు తోల్కొచ్చినట్టున్నది నీ కత."

"పగలు వస్తలేదయ్యా."

"పగలేంది, రాత్రేంది? గదేమన్న మల్లెచెట్టా? ఇనుము అడ్డముంటే ఆగుతది. గీ బీరువా జరుపుండ్రి."

బీరువా జరపడానికి నలుగురు కావలసి వచ్చారు. బీరువా పోయి వంటింటి గోడకు చేరింది, అక్కడి ఫ్రిజ్ పడకగదికి పోయింది, పడకగదిలో మంచం అడ్డమైతే అది హాల్లోకి వచ్చింది. స్టీలు సామానంతా గోతాల్లో కట్టి మిద్దె మీదికి ఎక్కించాను. వారం రోజులు మేం ఫ్రిజ్ పక్కన పడుకుని, మంచం మీద కూర్చుని, చుట్టాలకు ప్లాస్టిక్ గ్లాసుల్లో టీ ఇచ్చాం. ఇంట్లో అంగుళం జరగని వస్తువు ఒక్క సోఫాయే. దాని వెనక దోమల మిషన్ ఉంది కదా, కదిలిస్తే ప్లగ్గు ఊడుతుందని నేనే జరపనివ్వలేదు.

ప్రసాద్ గారు కూడా ఒక సాయంత్రం ఫోన్ చేసి మా ఆయనను అడిగారట, "కింద బాక్సు లైట్లు వెలుగుతున్నాయాండీ?" అని. మా ఆయన సోఫా వెనక్కి తొంగి చూసి, "వెలుగుతున్నయ్ సార్" అన్నాడట. రాత్రి ఏడున్నరకు వెలగక ఏం చేస్తుంది? ఆరింటికి నేనే వేశాను.

మూడో బంద్ వచ్చింది. బీరువా జరిగినా, ఫ్రిజ్ జరిగినా, పొద్దున నెట్ పోయింది. ఇక నాలో ఉన్న సీఐడీ లేచి నిలబడింది. కరెంటు ఉంది. పైన నెట్ ఉంది. మాకు లేదు. అదీ బంద్ రోజునే లేదు. తెలంగాణ బంద్ అంటే ఎవరికి కోపం? నా బుర్ర చాలా చురుగ్గా, చాలా తప్పుగా పనిచేసింది. సాయంత్రం గుండిగ తిరిగిచ్చే నెపంతో మెట్లెక్కాను.

"వదినా, మనసుల ఏమన్న ఉంటె మొఖం మీద చెప్పాలె" అన్నాను.

"ఏమైంది వదినా? లోపలికి రండి."

"ఉద్యమం చేసేది మా ఆయన. మా పిల్ల ఏం చేసింది? బంద్ రోజునే మాకు వైఫై కట్ చేస్తరా?"

విజయ వదిన చేతిలో చాట ఆగిపోయింది. "మేం కట్ చేయడమేంటండీ? ఎందుకు చేస్తాం?"

"మీకొస్తది, మాకు రాదు. గది ఎట్లయితది?"

"నాకేం తెలుసండీ, నాకసలు ఆ డబ్బాలో ఏ బటన్ ఎక్కడుందో కూడా తెలీదు. మీ అమ్మాయి ఉద్యోగం చెడగొట్టుకుని మేమేం బావుకుంటాం?"

"ఏమో. ఎవల కడుపుల ఏమున్నదో."

అలా అనకుండా ఉండాల్సింది. ఆమె చాట గోడకు ఆనించింది. "అలాగేనండీ ఓనరు గారూ" అని తలుపు మెల్లగా మూసింది. దభాలుమని వేసి ఉంటే నాకింత బాధ ఉండేది కాదు. ఆరేళ్లలో ఆమె నన్ను వదినా అనకపోవడం అదే మొదటిసారి. గుండిగ ఆమె తీసుకోలేదు, నేను వెనక్కి తేలేదు. అది మెట్ల మధ్యలో, మలుపు దగ్గర, ఎవరికీ చెందకుండా కూర్చుంది. దోమల మిషన్ కూడా వాళ్ల మొఖాన కొట్టేద్దామా అని ఆలోచించాను. కానీ కోపం వేరు, దోమలు వేరు.

ఆ తర్వాత పది రోజులకు సరితకు ఇంటర్వ్యూ పిలుపు వచ్చింది. హైటెక్ సిటీ దిక్కు పెద్ద కంపెనీ. రెండు పరీక్షలు దాటి మిగిలింది పన్నెండుమంది. అందులో మా పిల్ల. ఏడాదిగా దరఖాస్తులు పెట్టీ పెట్టీ దాని మొఖం వాడిపోయింది. "గిదన్న రాకపోతె నేనింక చాలిస్తనమ్మా" అని అంతకుముందే అంది. నేను ఎన్ని దేవుళ్లకు మొక్కానో లెక్క లేదు. సరిగ్గా ఆ ఇంటర్వ్యూ రోజుకే బంద్ పిలుపిచ్చారు. ఆ దేవుళ్లలో కొందరు శిబిరంలో కూర్చున్నారేమో నాకు తెలియదు. కంపెనీవాళ్లు మంచివాళ్లు. "రాలేకపోతే ఫరవాలేదు, పదకొండింటికి కంప్యూటర్‌లోనే ఎదురెదురుగా చూసి మాట్లాడతాం" అన్నారట.

ముందురోజు సాయంత్రం సరిత అంతా సరిచూసుకుంది. నెట్ బ్రహ్మాండంగా ఉంది.

"రేపు బంద్ గదమ్మా. రేపు గూడ పోతె?"

"ఎట్ల పోతది? నేను లేనా?" అన్నాను.

మర్నాడు తెల్లవారగానే లేచాను. దేవుడికి దీపం పెట్టాను. దోమల మిషన్ ఆపాను. కొబ్బరికాయ కొట్టాను.

పదింబావుకు కంప్యూటర్ తెరిచి సరిత కేక పెట్టింది. "అమ్మా! పోయింది!"

మా ఆయన అప్పటికే శిబిరానికి పోయాడు, ఫోను ఎత్తడం లేదు. నినాదాలిస్తుంటే ఫోను ఏం వినిపిస్తుంది? సరిత కంప్యూటర్ ఆపి మళ్లీ వేసింది. ఫోను ఆపి మళ్లీ వేసింది. నేను ఫ్యాన్లు ఆపాను, ఫ్రిజ్ ఆపాను, కరెంటంతా నెట్‌కే పోతుందేమోనని. ఏమీ కాలేదు. మంచం మీదెక్కి కంప్యూటర్‌ను పైకెత్తి పట్టుకున్నాను, పసిపిల్లకు చందమామను చూపించినట్టు. అయినా రాలేదు.

"నేను పైకి పోయి ఆంటీ వాళ్లింట్ల కూసుంటమ్మా."

"పోవద్దు. అన్ని మాటలన్నంక ఏ మొఖం పెట్టుకుని పోతం? మన ఇజ్జతేం గావాలె?"

"నీ ఇజ్జత్‌కా ఇంటర్వ్యూ?" అంది పిల్ల, కళ్లనిండా నీళ్లతో.

 మధ్యేమార్గంగా మెట్లెక్కించాను. మెట్లు ఓనర్‌వే కదా, పోతే ఇజ్జత్ పోదు. పదకొండో మెట్టు దగ్గర, మలుపులో, గుండిగ ఉంది. దాన్ని బోర్లించి మీద కంప్యూటర్ పెట్టాం. సరిత కొత్త డ్రెస్సులో మెట్టు మీద కూర్చుంది. వెనక గోడ బాగులేదని నేను దుప్పటి పట్టుకుని నిలబడ్డాను. సిగ్నల్ ఒక గీత వస్తోంది, పోతోంది. టైము పదీ నలభై.

పైన తలుపు తెరుచుకుంది. ప్రసాద్ గారు లుంగీలో, చేతిలో టీ గ్లాసుతో.

"ఏంటమ్మా సరితా, మెట్ల మీద? ఏంటిదంతా?"

"ఇంటర్వ్యూ అంకుల్. కింద సిగ్నల్ లేదు."

"కింద లేకపోవడమేంటి? ఎక్స్‌టెండర్ పెట్టాను కదా."

"ఎక్స్‌టెండరా? ఎక్కడంకుల్?"

"మీ హాల్లోనే. మీరు ఊరెళ్లినప్పుడు మీ నాన్నగారికి చెప్పి పెట్టాను. మా రూటర్ సిగ్నల్ అందుకుని కింద మీ ఇంట్లో పంచుతుంది. అది లేకపోతే ఈ శ్లాబులోంచి దిగదమ్మా."

గ్లాసు మెట్టు మీద పెట్టి, లుంగీ ఎగ్గట్టి ఆయన గబగబా దిగారు. వెనక సరిత, దాని వెనక దుప్పటితో నేను, నా వెనక విజయ వదిన. హాల్లోకి పోయి, సోఫా వెనక్కి వంగి చూశారు.

"ఇదిగో. స్విచ్ ఆపేసి ఉంది. ఎవరాపారు?"

"నేనే అన్నా" అన్నాను. "రోజు పొద్దుగాల్నే ఆపుత."

"రోజూ ఆపుతారా? ఎందుకండీ?"

"పగటీలి దోమలుండయి గదన్నా."

చౌరస్తా నుంచి వస్తున్న నినాదాలు కాసేపు చాలా స్పష్టంగా వినిపించాయి.

"దోమలేంటండీ?" అన్నారు ప్రసాద్ గారు మెల్లగా.

"దోమల మిషన్ గదా అది?"

 సరిత నా వేలిని చూసింది. ఆ చూపులో మూడు బంద్‌లు, ఒక బీరువా, ఒక ఫ్రిజ్, మిద్దె మీది స్టీలు సామాను అన్నీ కనిపించాయి. నేను విజయ వదిన వైపు తిరగలేకపోయాను. ఆమె ఇప్పుడు ఏమన్నా న్యాయమే. "ఎవరు కట్ చేశారండీ ఓనరు గారూ" అంటుందని తల వంచుకుని నిలబడ్డాను.

ఆమె అన్నది ఒకటే మాట. "ముందు స్విచ్ వేయండి వదినా, టైమవుతోంది."

వేశాను. ఒక లైటు వెలిగింది. రెండోది మిణుకుమంది. మూడోది వెలగడానికి రెండు నిమిషాలు పట్టింది. పురిట్లో కూడా నేనంత ఊపిరి బిగపట్టలేదు. సరిత హాల్లో కూర్చుంది, ప్రసాద్ గారు వైర్లు చూశారు, విజయ వదిన పిల్ల జుట్టు సవరించి నుదుటి చెమట తుడిచింది. పదకొండుకు రెండు నిమిషాలుండగా అవతల మొఖాలు కనబడ్డాయి.

నా వంతు సాయంగా నేను ఆ స్విచ్ మీద అరచెయ్యి అడ్డం పెట్టి నిలబడ్డాను. ఇంకెవరి మీదా నాకు నమ్మకం లేదు, ముఖ్యంగా నా మీద.

లోపలంతా ఇంగ్లిషు. నాకు రాదు. చాలాసేపు పెద్దవాళ్ల మాటల్లాగే నడిచింది. తర్వాత అవతలాయన ఏదో అడిగాడు. సరిత నావైపు ఓ చూపు చూసింది. చూసి, చెప్పడం మొదలుపెట్టింది. నాకు ఇంగ్లిషులో తెలిసిన మాటలు తక్కువే గానీ 'మదర్' తెలుసు, 'మస్కిటో' తెలుసు. రెండూ పక్కపక్కనే వినబడేసరికి సోఫా వెనక్కి తల దించుకున్నాను. ఆ తర్వాత 'స్విచ్' వచ్చింది. ఆ తర్వాత అవతల ముగ్గురూ పగలబడి నవ్వారు. ప్రసాద్ గారు గోడ వైపు తిరిగారు. ఆయన భుజాలు ఊగుతున్నాయి.

సరిత తల తిప్పి, "అమ్మా, నిన్ను చూస్తరట, గిట్ల రా" అంది.

"నేను రాను. స్విచ్ ఇడువ."

దాంతో కంప్యూటర్‌నే నావైపు తిప్పింది. నమస్కారం పెట్టాలంటే రెండు చేతులు కావాలి. ఒకటి డ్యూటీలో ఉంది. మిగిలిన ఒక్క చేత్తో సగం నమస్కారం పెట్టాను. వాళ్లు మళ్లీ నవ్వారు.

అయిపోయాక సరిత చెప్పింది. "ఈమధ్య మీరు కారణం కనిపెట్టిన ఒక సమస్య చెప్పండి" అని అడిగారట. పుస్తకంలో బట్టీ పట్టినదొకటి ఉందట. కానీ నోట్లోకి ఇదే వచ్చిందట. పొద్దున పోయి సాయంత్రం వచ్చే నెట్, బీరువా, కృష్ణయ్య, బంద్, మదర్, మస్కిటో. "సమస్య తెచ్చినోళ్లే పక్కన నిలబడి కాపలా కాస్తున్నరని చెప్పిన, నవ్విండ్రు" అంది.

ఉద్యోగం వచ్చింది. నా వేలు తీయబోయిన ఉద్యోగాన్ని నా వేలే ఇప్పించిందని నేనంటాను. ఇంట్లో ఎవరూ ఒప్పుకోరు.

ఆ సాయంత్రం గుండిగను చింతపండు పెట్టి తళతళా తోమి, నిండా నువ్వుల లడ్డూలు పోసుకుని మెట్లెక్కాను. "వదినా, తప్పయింది" అన్నాను.

"ఇంతోటి దానికి ఇన్ని లడ్డూలేంటి వదినా" అంది. ఒకటి కొరికి, చాలా మామూలుగా అడిగింది. "ఇంతకీ దోమలు తగ్గాయా?"

అని, అప్పటిదాకా ఆపుకున్న నవ్వంతా ఒకేసారి నవ్వింది. గుమ్మంలోనే చతికిలపడి నవ్వింది. నేనూ పక్కన కూర్చున్నాను. ఏం చేస్తాను?

అసలు దెబ్బ ఇంకో వారానికి తగిలింది. ఎదురింటి బాలమణి పరుగున వచ్చింది, మొఖం వెలిగిపోతూ.

"అక్కా, నువ్వు చెప్పిన మిషన్ దొరికింది! కోఠి అంత తిరిగి తెచ్చిండు మా ఆయన. ఏమన్నా పనిచేస్తున్నదా! ఒక్క దోమ లేదు!"

బాలమణి ఇంట్లో వైఫై లేదు. కంప్యూటరే లేదు. సరిత పక్క గదిలోంచి తొంగి చూసి, నోటికి చున్నీ అడ్డం పెట్టుకుంది. నేను బాలమణి మొఖం చూశాను. ఎంత సంతోషంగా ఉందో! ఆ సంతోషం చెడగొట్టడానికి మనసొప్పలేదు.

"మంచిది చెల్లే" అన్నాను. "పొద్దుగాల ఆపుడు మర్చిపోకు. కరెంటు దండగ."

ఆ రోజే దేవుడి ముందు కర్పూరం వెలిగించి, కుడిచేతి చూపుడు వేలు పైకెత్తి ప్రమాణం చేశాను. ఇక మీదట నా ఇంట్లో లైటు వెలుగుతున్న ఏ వస్తువునూ, అదేమిటో ఎవరైనా తెలిసినవాళ్లు చెప్పేదాకా, ఈ వేలితో ఆపను. ఆ ప్రమాణం ఈ రోజుకూ తప్పలేదు. మెట్ల కింద మీటరు పక్కన ఒక చిన్న పచ్చ లైటు ఉంది. అదేమిటని ప్రసాద్ గారిని అడిగాను, తెలియదన్నారు. కృష్ణయ్య తెలియదన్నాడు. ఉద్యోగం చేస్తున్న మా ఇంజనీరమ్మా తెలియదంది. ఉద్యమం అయిపోయింది, రాష్ట్రం వచ్చింది, ఎల్బీనగర్‌కు మెట్రో కూడా వచ్చింది. అది వెలుగుతూనే ఉంది.